హైదరాబాద్ నుంచి డల్లాస్ 14,400 కిలోమీటర్లు. అయితే?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక మెసేజ్ తిరిగింది. "హైదరాబాద్ నుంచి డల్లాస్ 14,400 కిలోమీటర్లే. డైరెక్ట్ ఫ్లైట్ వేస్తే 16 గంటల్లో దిగిపోతాం. దుబాయ్ చుట్టూ తిరిగే ఖర్మ మనకేంటి? సంతకం పెట్టండి, పదిమందికి పంపండి." దాని కింద వరసగా దండాలు, జెండాలు, బొటనవేళ్లు. మా బ్లాకులో అమెరికాలో పిల్లలు లేని ఇల్లు వెతికి పట్టుకోవాలి కాబట్టి సంతకాలకు కొదవ లేదు. నేను మాత్రం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో గ్రూపులో రాస్తే గొడవ. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ 14,400 అంకె తప్పేం కాదు. శంషాబాద్ నుంచి డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గర దారి సుమారుగా అంతే. నా పేచీ ఆ అంకె చేసే పని మీద. రెండు విమానాశ్రయాల మధ్య ఇంత దూరం, ఇన్ని గంటలు అని ఒక అంకె చేతికి రాగానే ప్రయాణం మొత్తం అందులో ఇమిడిపోయినట్టు మాట్లాడేస్తాం. నాకేమో, ప్రయాణికుడి లెక్కలో అన్నిటికన్నా చివర రావాల్సిన అంకె అదే అనిపిస్తుంది. హైదరాబాద్‌కి అమెరికా డైరెక్ట్ విమానం అడగడం నేరం కాదు గానీ, మనం మొట్టమొదట అడగాల్సింది మాత్రం అది కాదు.

దారం దారి, విమానం దారి

పిల్లల గ్లోబు ఒకటి తీసుకుని శంషాబాద్ దగ్గర దారం ఆనించి డల్లాస్ దాకా బిగించి చూడండి. దారం పడమటికి పోదు. దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ పక్కనుంచి కారకోరం పర్వతాలు, అవి దాటాక చైనాలోని కాష్గర్ వైపు, అక్కడినుంచి కజకిస్తాన్, సైబీరియా. ఉత్తర ధ్రువానికి ఓ ఐదువందల కిలోమీటర్ల దూరంలో ఒరుసుకుని, అటువైపు కెనడాలో దిగి, అమెరికా మధ్యలోంచి టెక్సాస్. మన ఊరికీ వాళ్ల ఊరికీ రేఖాంశాల తేడా 175 డిగ్రీలు. అంటే భూమికి దాదాపు అటువైపున్న ఊరు.

ఈ దారిలో ఏ విమానమూ ఉన్నదున్నట్టు ఎగరదు. కారకోరం, టిబెట్ మీద పెద్ద చిక్కు ఎత్తు. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పదివేల అడుగుల దగ్గరికి దించాలి, మనుషులు మామూలుగా ఊపిరి తీసుకోగలిగేది అక్కడే. అక్కడ కొండలే ఇరవై వేల అడుగులు దాటి ఉంటే ఎక్కడికి దించుతాడు? అందుకే ఆ ప్రాంతం మీద దారులు తక్కువ. ఆ పైన రష్యా. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, యూరప్ సంస్థల విమానాలకు ఆ ఆకాశం మూతపడింది. మన సంస్థలకు తెరిచే ఉంది, కానీ దాని ఖరీదు దానికుంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది. రెండువందల మందికి పైగా ప్రయాణికులు అక్కడ చిక్కుబడి, వేరే విమానం వచ్చేదాకా ఎదురుచూశారు.

పాకిస్తాన్ సంగతి తెలిసిందే. 2025 ఏప్రిల్ నుంచి మన విమానాలకు వాళ్ల ఆకాశం మూతపడ్డాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా 'నాన్‌స్టాప్'లు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు ఆ ఏడాది సెప్టెంబరు నుంచి ఆపేశారు. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, వాటి మధ్య కిలోమీటర్లు ఒక్కటీ మారలేదు. గంటలు మాత్రం మారిపోయాయి.

దూరం పెరిగి గంటలు తగ్గిన కథ కూడా ఉంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా తిప్పింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి కూడా దాదాపు రెండు గంటలు ముందే చేరింది. కారణం గాలి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ పాత దారిలో ముక్కుమీద కొట్టేది, కొత్త దారిలో వెనకనుంచి తోసింది. అమెరికాకి వెళ్లేటప్పుడు పట్టేది ఒకటి, వచ్చేటప్పుడు పట్టేది ఒకటి ఎందుకవుతుందని మా నాన్న ప్రతిసారీ అడుగుతారు. ఇదే జవాబు. ఆయనకు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది.

దుబాయ్ 'చుట్టు' ఎంత?

మెసేజ్ రాసినాయనకు దుబాయ్ మీదుగా వెళ్లడం తల చుట్టూ తిప్పి ముక్కు చూపించడంలా ఉంది. మ్యాపు చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. లెక్క వేయండి. శంషాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడినుంచి డల్లాస్ 12,900 పైచిలుకు. మొత్తం 15,500కి కాస్త ఇటు. సూటి దారి కన్నా వెయ్యి కిలోమీటర్ల పైన ఎక్కువ, అంతే. విమానం వేగానికి అది గంటా పావు. ధ్రువం చుట్టుపక్కల్నుంచి పోయే దూరాలకు పక్కకు ఒక అడుగు వేసినా నష్టం తక్కువే.

ఇంకో విచిత్రం. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే 7,100, 8,250 కలిపి 15,400కి దగ్గర. లండన్ మీదుగా 7,750, 7,630 కలిపి ఇంచుమించు అంతే. దుబాయ్ అయినా, లండన్ అయినా, ఫ్రాంక్‌ఫర్ట్ అయినా ఓ వంద కిలోమీటర్లు అటూఇటూ. దూరం అంకె చూసి టికెట్ కొనేవాడికి ఈ మూడూ ఒకటే. ఎక్కి కూర్చునేవాడికి కావు. దుబాయ్ దారిలో నాలుగు గంటలు, ఆ తర్వాత పదహారు. లండన్ దారిలో దాదాపు సగం సగం. మోకాళ్ల నొప్పులున్న డెబ్బయ్యేళ్ల మనిషికి ఈ రెండూ వేర్వేరు ప్రయాణాలు.

తెనాలి నుంచి ఫ్రిస్కో

మా అక్క ఉండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. అమ్మానాన్నలు ఉండేది తెనాలిలో. మొన్నటి వేసవిలో వాళ్లు వెళ్లినప్పటి లెక్క ఇది.

టికెట్ ప్రకారం తెల్లవారుజామున నాలుగున్నరకు శంషాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం నాలుగు గంటలకు డల్లాస్‌లో దిగుతారు. "పొద్దున ఎక్కి సాయంత్రానికి అమెరికాయా!" అని మా పిన్ని బుగ్గలు నొక్కుకుంది. రెండు గడియారాల మధ్య పదిన్నర గంటల తేడా కలిపితే అసలు లెక్క 22 గంటలు. అందులో గాల్లో ఇరవై, దుబాయ్‌లో రెండు.

కానీ ప్రయాణం మొదలైంది ముందురోజు సాయంత్రం ఐదింటికి, తెనాలి ఇంటి గుమ్మంలో. విజయవాడ దాటి, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్. మధ్యలో సూర్యాపేటలో ఇడ్లీ. ఎక్కడన్నా జామ్ అయితే అన్న భయానికి గంట ముందు బయల్దేరడం, విమానం నాలుగు గంటల ముందు చేరాలన్న నియమం మా నాన్నకు సొంతంగా ఉండటం. అటు చివర ఇమిగ్రేషన్ వరస, సామాను, ఆవకాయ డబ్బా గురించి కస్టమ్స్ వాళ్ల ప్రశ్నలు, అక్క కారులో ఫ్రిస్కో. ఇల్లు చేరేసరికి అక్కడ సాయంత్రం ఆరున్నర. గుమ్మం నుంచి గుమ్మానికి 36 గంటలు.

ఇప్పుడు డైరెక్ట్ విమానం వేద్దాం. మెసేజ్‌లో చెప్పిన పదహారు గంటలు దారం మీద ఎగిరితే వచ్చే లెక్క. పైన చెప్పిన అడ్డంకులతో పదిహేడున్నర అనుకోవడం న్యాయం. 36 కాస్తా 31న్నర అవుతుంది. ఎనిమిదో వంతు తగ్గింది. ఇంటి నుంచి విమానం గాల్లోకి లేచేదాకా పట్టిన పదకొండున్నర గంటల్లో ఒక్క నిమిషం తగ్గలేదు. దాని గురించి ఎవరూ సంతకాలు సేకరించడం లేదు.

తెనాలికి గంట దూరంలో గన్నవరం విమానాశ్రయం ఉంది. అక్కడినుంచి శంషాబాద్ గాల్లో 264 కిలోమీటర్లు. విమానం నిజంగా గాల్లో ఉండేది ముప్పావుగంట, టైంటేబుల్లో వేసేది గంటా పైన, ఎందుకంటే వాళ్లు గేటు వదిలిన క్షణం నుంచి గేటు చేరే క్షణం దాకా లెక్కపెడతారు, ఆలస్యాలకు కాస్త జాగా కూడా వదులుకుంటారు. అంటే సగటున గంటకు 250 కిలోమీటర్లు. ఆ విమానం ఎక్కి శంషాబాద్‌లో అర్ధరాత్రి విమానం అందుకోవాలంటే వేర్వేరు టికెట్లు, మళ్లీ సామాను తీసుకుని మళ్లీ వేయడం, మధ్యలో ఎనిమిది గంటలు కుర్చీల్లో. అందుకే కారు. నాలుగు టోల్‌గేట్ల డబ్బులు కట్టినా కారే సుఖం అంటుంది అమ్మ, ఎక్కింది మొదలు దిగేదాకా సామాను డిక్కీలోనే ఉంటుంది కాబట్టి.

అవసరం పడ్డ రోజు

ఇంతవరకు చెప్పిందానికి గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేనే ఎత్తుకుంటాను. ఊళ్లో తండ్రికి గుండెపోటు, కొడుకు డల్లాస్‌లో. ఆ రోజు నాలుగున్నర గంటలు చిన్న విషయమా? కాదు. మా స్నేహితుడొకడు అలా వచ్చినప్పుడు దోహాలో కూర్చున్న మూడు గంటలు తన జీవితంలో అన్నిటికన్నా పొడుగు గంటలని చెప్పాడు. వాడితో వాదించే ధైర్యం నాకు లేదు.

అయినా చూడండి. హైదరాబాద్‌కి అమెరికా డైరెక్ట్ విమానం ఒకప్పుడు వచ్చింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో మొదలుపెట్టింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో, పాపగారి తన్మయి సహా నలుగురు మహిళా పైలట్లు ధ్రువం మీదుగా విమానం తెచ్చారు. ఆ సందడిలో మన షికాగో విమానం గురించి కూడా టీవీల్లో హోరెత్తింది. అది వారానికి ఒక్కటి. ఎక్కువ కాలం నిలవలేదు కూడా.

వారానికి ఒక్క విమానం అంటే, విమానం వెళ్లిన మర్నాడు గుండెపోటు వస్తే ఆరు రోజులు ఆగాలి. ఆగం కదా, రాత్రికే దొరికిన దుబాయ్ విమానమో దోహా విమానమో ఎక్కుతాం. అత్యవసరంలో మనిషిని గమ్యం చేర్చేది తరవాతి విమానం ఎప్పుడుందన్న ప్రశ్న. గల్ఫ్ సంస్థలు హైదరాబాద్ నుంచి రోజూ ఉన్నాయి. ఒక ఊళ్లో వందల ఊళ్ల జనాన్ని పోగేసి పంచుతాయి కాబట్టే రోజూ నడపగలుగుతున్నాయి. హైదరాబాద్ నుంచి డల్లాస్ ఒక్కదానికే రోజూ పెద్ద విమానం నిండాలంటే, బిజినెస్ క్లాసుతో సహా నిండాలి. సంక్రాంతికీ వేసవి సెలవులకీ నిండుతుంది. ఫిబ్రవరిలో?

తెల్లవారుజాము ప్రయాణాల గుట్టు కూడా ఇక్కడే ఉంది. మన దగ్గర గల్ఫ్ విమానాలు మూడింటికీ నాలుగింటికీ లేవడం మన మీద కక్షతో కాదు. దుబాయ్‌లో అమెరికా, యూరప్ విమానాలు చాలా పొద్దున ఒక గుంపుగా బయల్దేరతాయి, వాటికి అందేలా నలుమూలల నుంచి తెల్లారేసరికి జనాన్ని అక్కడికి చేర్చాలి. వాళ్ల సౌకర్యానికి మన వృద్ధుల రాత్రి నిద్ర పోతోంది. సంతకం అంటే దీనిమీద పెట్టొచ్చు కదా అనిపిస్తుంది నాకు.

వీల్‌చైర్ అబద్ధం

డైరెక్ట్ విమానం కావాలనేవాళ్ల అసలు భయం గంటలు కాదని నాకు తెలుసు. ఇంగ్లీషు రాని అమ్మ, తెలియని దేశంలో, గేటు మారిపోతే ఎలా? మా అమ్మ మొదటిసారి వెళ్లినప్పుడు అక్క ఇంగ్లీషులో ఒక కాగితం రాసి పంపింది: నాకు ఇంగ్లీషు రాదు, నేను డల్లాస్ వెళ్లాలి, దయచేసి నా గేటు చూపించండి. అమ్మ దాన్ని బోర్డింగ్ పాస్ కన్నా భద్రంగా జాకెట్టులో పెట్టుకుంది.

తర్వాత అందరూ చేసే పనే చేశాం, వీల్‌చైర్ అడిగాం. అమ్మ రోజూ తెనాలి మార్కెట్టుకు నడిచి వెళ్లి వస్తుంది. వీల్‌చైర్ కాళ్ల కోసం కాదు, దారి కోసం. అమెరికా విమానాల దగ్గర వీల్‌చైర్ల బారు చూసి నవ్వుకునే కుర్రాళ్లు, దాన్ని మోసం అనేవాళ్లు ఉన్నారు. నిజంగా నడవలేని మనిషి ఈ బారు వల్ల గంటసేపు ఆగాల్సి వస్తే అది అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ దారి చూపించే మనిషి కావాలంటే కాలు నొప్పి అని చెప్పడం తప్ప మార్గం లేకుండా చేసిందెవరు? టికెట్ తీసేటప్పుడు శాకాహారమా, జైన భోజనమా అని పది రకాలు అడుగుతారు. 'గేటు దాకా తోడు కావాలా' అన్న గడి కూడా వీల్‌చైర్ గడిలా మామూలుగా, అందరికీ కనిపించేలా ఒకటి ఉంటే ఈ అబద్ధం అక్కర్లేదు. ఇది కొత్త విమానం కొనే పని కాదు, కొత్త దేశంతో ఒప్పందం చేసుకునే పనీ కాదు.

ఇక్కడే నా సొంత సిద్ధాంతానికి దెబ్బ తగిలింది. సగంలో ఆగే దారి మేలని లండన్ మీదుగా టికెట్లు తీద్దామని నేను పట్టుబట్టాను. పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెద్దవయసులో ఎక్కువని వాళ్ల డాక్టరుగారే చెప్పారు, గంటకోసారి లేచి నడవమన్నారు. అమ్మ వినలేదు. కిందటిసారి గల్ఫ్ విమానాశ్రయంలో తన కుర్చీ తోసిన అబ్బాయి తెలుగువాడట. "ఏ ఊరు అవ్వా మీది?" అని అడిగాడట. తెనాలి అంటే, "మాది మెట్‌పల్లి సైడు" అన్నాడట. గేటు దగ్గర వదిలేసి పోకుండా, టీ తెచ్చిచ్చి, అక్కకు తన ఫోన్‌లోంచి వాట్సాప్ చేయించాడట. ఉత్తర తెలంగాణ నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లు అక్కడ ఎంతమంది ఉన్నారో, ఏయే పనుల్లో ఉన్నారో మనకు తెలుసు. లండన్‌లో ఆ కుర్రాడు ఉంటాడా అని అమ్మ అడిగింది. ఉండకపోవచ్చు. నాలుగు, పదహారు గంటల ప్రయాణం ఒళ్లు హూనం చేస్తుందని నేను కిలోమీటర్లు, గంటలు చూపించి వాదిస్తుంటే, ఆవిడ లెక్కలో ఆ ట్రాన్సిట్ రెండు గంటలే మొత్తం ప్రయాణం. మిగతా ముప్పై నాలుగూ కూర్చోవడమే.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నా సగం జవాబే. 2025 జూన్‌లో ఖతార్ మీద క్షిపణులు పడ్డ రాత్రి ఆ ఆకాశం ఉన్నట్టుండి మూసేస్తే దోహాలో వేలమంది నిలిచిపోయారు. ఒకే చోట అందరినీ పోగేసే ఏర్పాటుకు ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2024 జనవరి నుంచి హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది, 2025 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ వచ్చింది, లండన్ ఎప్పటినుంచో ఉంది. యూరప్ వైపు ఆగే దారులు పెరగడం డైరెక్ట్ కన్నా మనకు ఎక్కువ మేలని ఇప్పటికీ అంటాను. అమ్మను మాత్రం ఒప్పించలేకపోయాను.

మరి సంతకం దేనికి?

గన్నవరం నుంచి గల్ఫ్ కూడలికి రోజూ ఒక విమానం, డల్లాస్ దాకా ఒకే టికెట్, ఒకేసారి సామాను. తెనాలి, గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం వాళ్లకు అది ఆరేడు గంటలు తగ్గిస్తుంది, డైరెక్ట్ విమానం తగ్గించేదానికన్నా ఎక్కువ. నడుస్తుందా అంటే, 2018 డిసెంబరులో విజయవాడ నుంచి సింగపూర్‌కు నష్టం వస్తే ప్రభుత్వమే పూడుస్తానని ఒప్పందం చేసుకుని మరీ విమానం వేశారు. మరుసటి ఏడాదే ఆగిపోయింది. సింగపూర్‌కు వెళ్లేవాళ్ల లెక్క వేరు, అమెరికాకు వెళ్లేవాళ్ల లెక్క వేరు అని నా వాదన. ఖాళీ సీట్లకు పన్నుల డబ్బు కట్టడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఈ వాదన ఎంత దూరం నిలుస్తుందో నడిపేవాళ్లే లెక్క కట్టాలి.

ఇదంతా చదివి వినిపిస్తే మా ఆఫీసులో కరీంనగర్ కుర్రాడు అడ్డం తగిలాడు. "అన్నా, మాకు గన్నవరం ఎందుకు? మేం శంషాబాదే రావాలె. మాకు నువ్వేం తగ్గించినవ్?" వాడన్నదీ నిజమే. వాళ్లు రాజీవ్ రహదారి మీద వచ్చి ఊరు చుట్టూ తిరిగి దక్షిణం కొసకు చేరాలి. 2008లో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచినప్పుడు ఉత్తర తెలంగాణ వాళ్లకు పెరిగిన గంటను ఎవరూ తిరిగివ్వలేదు. మెట్రో విమానాశ్రయం దాకా వేస్తామన్న మాట ఏళ్లుగా వింటున్నాం. వాడికి నా సంతకం దానికోసం కావాలట. పెడతానన్నాను.